గాలేనా? ప్రమాణం చేసి చెప్పు!

మా చిత్తూరు పక్క ఒక మాట తేలకపోతే దానికి ఒకటే దారి. ‘పద కాణిపాకానికి’ అంటారు. అప్పు తీర్చానని ఒకరు, తీర్చలేదని ఇంకొకరు. గట్టు జరిపావని అన్న, జరపలేదని తమ్ముడు. పంచాయితీలో తెగనిది, పోలీసు స్టేషన్లో తెగనిది చివరికి వరసిద్ధి వినాయకుడి ముందుకు వస్తుంది. తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి చెప్పిన మాటకు ఇక అప్పీలు లేదు. రాజకీయ నాయకులు ఒకరినొకరు సవాలు చేసుకున్నప్పుడూ ఈ ఊరి పేరే ఎత్తుతారు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగినవాడిని నేను. ప్రమాణం అనే మాటలోని బరువు నాకు తెలిసింది మాత్రం గుళ్లో కాదు, తుపాకి పట్టుకుని బోర్లా పడుకున్నప్పుడు.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉండేవాణ్ని. క్యాంపులో ఫైరింగ్ రోజు వచ్చింది. ఎదురుగా మట్టికట్ట, దాని ముందు కాగితపు టార్గెట్లు. పాయింట్ టూటూ రైఫిలు, ఐదు తూటాలు, పాతిక గజాల దూరం. టార్పాలిన్ మీద బోర్లా పడుకుని ఐదూ కాల్చాను. కాగితం తెచ్చి చూస్తే నాలుగు ఒకచోట కుదురుగా ఉన్నాయి. ఐదోది రెండంగుళాలు ఎడమకు, కిందికి పోయింది. ఆ పూట గాలి బాగానే ఉంది. కట్ట మీది గడ్డి ఊగుతోంది. ‘గాలి కొట్టింది ఉస్తాద్’ అన్నాను. మాకు ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ ఆర్మీలో చేసి వచ్చిన మనిషి, మా జిల్లా వాడే. కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. కోప్పడలేదు. ‘మీది కాణిపాకం కదా అబ్బోడా? గాలేనా? ప్రమాణం చేసి చెప్పు’ అన్నాడు.

నా నోరు పెగల్లేదు. ఎందుకంటే నాకు తెలుసు. ఐదో తూటాకు నేను ట్రిగ్గర్ నొక్కలేదు, లాగేశాను. తొందరగా ముగించి లేవాలనుకున్నాను. ఆ సంగతి నా వేలికి తెలుసు, భుజానికి తెలుసు. నోరు మాత్రం గాలి పేరు చెప్పింది.

తర్వాత చాలా ఏళ్లకు లెక్క వేసుకుని చూశాను. పాతిక గజాల దూరంలో ఆ తూటాను గాలి రెండంగుళాలు జరపాలంటే, గంటకు వంద కిలోమీటర్లు దాటిన తుఫాను కావాలి. ఆ రోజు ఊగింది గడ్డి మాత్రమే.

ఆరు మిల్లీసెకన్ల కథ

బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరంలోని గురిని కొట్టే పోటీని ‘50 మీటర్ల రైఫిల్ ప్రోన్’ అంటారు. చూసేవాళ్లకు ఇంత నిశ్చలమైన ఆట మరొకటి ఉండదు. మోచేతులు నేలకు ఆని ఉంటాయి. తోలు పట్టీ ఒకటి ఎడమ చేతిని, రైఫిలును కలిపి బిగించి ఉంచుతుంది. ఒళ్లంతా భూమి మీద ఆనుతుంది కాబట్టి వణుకు దాదాపు ఉండదు. అందుకే ఇందులో పదికి పది కొట్టడం గొప్పేమీ కాదు. ప్రతి తూటా పదిలో పడాలి, అరవైకి అరవై. నడుమ పది గీత అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. యాభై మీటర్ల నుంచి గుండీని కొట్టాలన్నమాట, అరవై సార్లు.

మనిషి ఇంత కుదురుగా ఉన్నాక మిగిలిన శత్రువు ఒక్కటే, గాలి. కాల్చేవాడి తలమీద కప్పు ఉన్నా, తూటా పోయే దారి మాత్రం ఆరుబయటే ఉంటుంది.

గాలి తూటాను ఏం చేస్తుంది? పక్కనుంచి తోసేస్తుంది అనుకుంటాం. అసలు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. పోటీల్లో వాడే పాయింట్ టూటూ తూటా బరువు రెండున్నర గ్రాములకు కాస్త పైన. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. గాలే లేని శూన్యంలో అయితే ఇంచుమించు 154 మిల్లీసెకన్లలో యాభై మీటర్లు దాటాలి. కానీ గాలి అడ్డుపడి దాని వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి సుమారు 160 పడుతుంది. ఆ ఆరు మిల్లీసెకన్ల ఆలస్యం ఉంది చూశారూ, అసలు కథంతా అక్కడే ఉంది. ఆలస్యాన్ని పక్కగాలి వేగంతో గుణిస్తే తూటా ఎంత జరుగుతుందో వస్తుంది. సెకనుకు ఒక మీటరు గాలి, అంటే చెంపకు తగిలీ తగలని పిల్లగాలి, తూటాను ఐదారు మిల్లీమీటర్లు పక్కకు పెడుతుంది. గుండీకి నట్టనడుమ పడాల్సింది అంచుకు చేరుతుంది. గాలి ఇంకొంచెం పెరిగితే తొమ్మిదిలో పడుతుంది.

ఈ లెక్క తెలిశాక ఇంకో ముడి కూడా విడిపోతుంది. వేగంగా పోయే తూటా అయితే గాలికి తక్కువ దొరుకుతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పాయింట్ టూటూ విషయంలో అది తలకిందులు. శబ్దవేగం దాటితే గాలి నిరోధం ఒక్కసారిగా పెరిగిపోతుంది, దానితోపాటు ఆలస్యమూ పెరుగుతుంది. అందుకే పోటీ తూటాలను కావాలనే శబ్దవేగం కన్నా కిందే ఉంచుతారు. మన ఎండలకు శబ్దం సెకనుకు 345 మీటర్లకు పైనే పోతుంది. తూటాను దానికంటే కాస్త నెమ్మదిగా పంపుతారు. నిదానమే ఇక్కడ గాలికి విరుగుడు.

పైగా గాలి పక్కకు మాత్రమే జరిపి ఊరుకోదు. గొట్టం లోపలి మెలిక వల్ల తూటా కుడివైపుకు గిరగిరా తిరుగుతూ పోతుంది. అలా తిరిగే వస్తువును కుడి నుంచి గాలి కొడితే అది ఎడమకు పోతూ కాస్త పైకి లేస్తుంది. ఎడమ నుంచి కొడితే కుడికి పోతూ కాస్త దిగుతుంది. గాలి గుర్తులు కాగితం మీద అడ్డంగా కాక, గడియారంలో పది నుంచి నాలుగుకు గీసిన ఏటవాలు గీత మీద పడతాయి. నా ఐదో తూటా ఎడమకు, కిందికి పోయిందని చెప్పాను. గాలికి ఆ దారే తెలియదు. ఉస్తాద్ కాగితం చూడగానే పట్టేసింది అదే అయ్యుంటుంది.

అవ్వ చేట

గాలిని చదవడం నేను తుపాకి పట్టకముందే చూశాను. మా అవ్వ చెనిక్కాయలు తూర్పెత్తేది. కళ్లంలో ముక్కాలిపీట వేసుకుని నిలబడి, చేటను తలపైకి ఎత్తి, అంచు ఒకింత వంచేది. కాయ నేరుగా కాళ్ల దగ్గర పడాలి. ఆకు, దుమ్ము కాస్త అవతల పడాలి. అందుకు గాలి ఉండాలి, కానీ ఒకే తీరుగా ఉండాలి. మొదట గుప్పెడు మట్టి తీసి భుజమెత్తు నుంచి వదిలేది. దుమ్ము ఎటు పోయిందో, ఎంత దూరం పోయిందో చూసేది. నచ్చకపోతే చేట దించి కూర్చునేది. మేము ‘ఊరికే కూచుంటావేం అవ్వా, గాలి వస్తాంది కదా’ అంటే, ‘వస్తాంది, పోతాంది. నిలవనీ’ అనేది. గాలి పడిపోయినా చేట దించేది, పెరిగినా దించేది. తనకు కావలసిన గాలి వచ్చినప్పుడు మాత్రం చకచకా నాలుగు చేటలు వంచేది.

ప్రపంచ స్థాయి ప్రోన్ షూటర్లు చేసేది కూడా ఇదే. చేట స్థానంలో రైఫిలు, గుప్పెడు మట్టి స్థానంలో జెండాలు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం యాభై మీటర్ల రేంజిలో కాల్చే గీత నుంచి 10 మీటర్ల దగ్గర ఒకటి, 30 మీటర్ల దగ్గర ఒకటి గుడ్డ జెండాలు ఉంటాయి. ఐదు సెంటీమీటర్ల వెడల్పు, నలభై సెంటీమీటర్ల పొడవు. పిల్ల జడకు కట్టిన రిబ్బనంత. ఏ జెండాను నమ్మాలి? కొత్తవాళ్లు గురి దగ్గర ఉన్నదాన్ని చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు తమ దగ్గర ఉన్నదాన్ని చూస్తారు. మొదట్లోనే దారి కాస్త తప్పినవాడు పోనుపోను ఎక్కువ దూరం తప్పుతాడు కదా, తూటా కూడా అంతే. మొదటి పాతిక మీటర్లలో తగిలిన గాలి, చివరి పాతిక మీటర్లలో తగిలిన అంతే గాలి కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ జరుపుతుంది.

గాలి వాటాన్ని గడియారంతో పోలుస్తారు. గురి ఉన్నది పన్నెండు. మూడు నుంచి గానీ తొమ్మిది నుంచి గానీ వస్తే పూర్తి గాలి. ఒంటిగంట, పదకొండు దిక్కుల నుంచి వస్తే సగం గాలి. ఆరు నుంచి, అంటే వీపు వెనక నుంచి వస్తే ఏమీ లేదనుకుంటాం. అన్నిటికన్నా ముంచేది అదే. వెనక గాలి చేప తోకలా ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతుంది. ఎడమ అని లెక్క వేసి నొక్కేలోపు కుడి అవుతుంది. జెండా మాత్రం దాదాపు అలాగే కనిపిస్తుంది.

మా పక్క ఎండలకు ఇంకో గుర్తు కూడా పనికొస్తుంది. చైత్ర వైశాఖాల్లో తారురోడ్డు మీద నీళ్లలా మెరిసే సెగ ఉంటుందే, ఎండమావి, టెలిస్కోప్‌లో అదే గురి ముందు పారుతూ కనిపిస్తుంది. ఎడమకు పారితే గాలి ఎడమకు వెళుతోంది. నిలువుగా, ఎసరు మరిగినట్టు పైకి లేస్తుంటే గాలి పడిపోయినట్టు, లేదా ఎదురుగానో వెనకగానో వీస్తున్నట్టు. జెండా కన్నా ముందే సెగ మారుతుంది. గుడ్డకు బరువుంది, సెగకు లేదు.

చదవడం అయ్యాక చేయాల్సింది మూడింట్లో ఒకటి. గురి చూసే సైటుకు ఉన్న మరను టిక్కు టిక్కుమని తిప్పడం మొదటిది. ఒక్కో టిక్కు యాభై మీటర్ల దగ్గర సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు జరుపుతుంది. గాలి మారి చాలాసేపు అలాగే ఉండేలా ఉంటే ఇదే మేలు. రెండోది సైటు ముట్టుకోకుండా గురినే కాస్త పక్కకు పెట్టడం. ఇది చెయ్యి తిరిగినవాళ్ల పని. ఒకసారి పక్కకు పెట్టడం అలవాటైన కన్ను నడుమ పెట్టాల్సినప్పుడు కూడా తటపటాయిస్తుంది. మూడోది మా అవ్వ దారి. మొదట్లో ఎంచుకున్న గాలి తిరిగి వచ్చేదాకా రైఫిలు దించి ఆగడం. నన్నడిగితే ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. అరవై తూటాలకు యాభై నిమిషాలు. తూటాకు యాభై సెకన్లు. నాలుగు నిమిషాలు ఆగితే ఆ నాలుగు నిమిషాలూ తర్వాత అప్పు తీర్చినట్టు తీర్చాలి. పోటీకి ముందు ఎన్ని పరీక్ష తూటాలైనా కాల్చుకోవచ్చు. పోటీ మొదలయ్యాక ఒక్కటి కూడా లేదు. ఆ తర్వాత గాలి గురించి నేర్చుకోవడమంతా పాయింట్లు పెట్టి కొనుక్కోవాల్సిందే.

గోడల లోపల, గోడల బయట

తెలుగు నేల మీద రైఫిల్ షూటింగ్ అనగానే గుర్తొచ్చే పేరు గగన్ నారంగ్. పుట్టింది చెన్నైలో, పెరిగింది హైదరాబాద్‌లో. 2012 జులై 30న లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఆ ఒలింపిక్స్‌లో భారత్‌కు తొలి పతకం అది. ఊరూరా పటాకులు కాల్చారు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 3న, అదే ఊళ్లో, అదే గగన్ 50 మీటర్ల ప్రోన్‌కు పడుకున్నాడు. 600కు 593 కొట్టి 18వ స్థానంలో నిలిచాడు. ఆ వార్త మన పేపర్లలో ఎంత కనిపించిందో గుర్తు చేసుకోండి.

ఎయిర్ రైఫిల్ నాలుగు గోడల మధ్య ఆట. అక్కడ గాలి కదలదు. ప్రోన్ ఆరుబయట ఆట. ఆ రోజు గగన్ పోగొట్టుకున్న ఏడు పాయింట్లలో గాలి వాటా ఎంత, చేతి వాటా ఎంత అని నేను చెప్పబోను. అది చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. నేను చెప్పదలచుకున్నది వేరు. 593 అంటే అరవై తూటాల్లో పది తప్పినవి ఏడుకు మించవు. ఆ మాత్రానికే పద్దెనిమిదో స్థానం. అదే పోటీలో బెంగాల్‌కు చెందిన జాయ్‌దీప్ కర్మాకర్ 595 కొట్టి, సమానంగా ఉన్నవాళ్లతో మళ్లీ కాల్చి ఫైనల్‌కు చేరాడు. 699.1తో నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కాంస్యానికి 1.9 పాయింట్ల దూరం. స్వర్ణం బెలారస్‌కు చెందిన సెర్గీ మార్తినోవ్‌ది. ఆరుబయట, లండన్‌లోని వూలిచ్ గాలిలో, అరవైకి అరవై పదులు కొట్టాడు. 600కు 600, ఫైనల్‌తో కలిపి 705.5. అంతకుముందు 2000లో, 2004లో ఇదే పోటీలో కాంస్యం దగ్గర ఆగిపోయిన మనిషి. నలభై నాలుగేళ్ల వయసులో గెలిచాడు. చదివిన గాలి ఎంతో, గెలుపు అంత.

గగన్ ఆ గాలిని వదిలిపెట్టలేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ప్రోన్‌లో రజతం తెచ్చాడు. 2015లో అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచి, ప్రోన్‌లోనే రియో ఒలింపిక్స్ బెర్త్ సంపాదించాడు. రియోలో 13వ స్థానంలో నిలిచాడు. లండన్ కాంస్యం కన్నా నాకు ఈ ప్రయాణం ఎక్కువ నచ్చుతుంది. గోడల మధ్య ప్రపంచం మెచ్చిన చేతిని తీసుకొచ్చి మళ్లీ మళ్లీ గాలికి అప్పగించడం మామూలు ధైర్యం కాదు.

రియో తర్వాత పురుషుల ప్రోన్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మిక్స్‌డ్ టీమ్ పోటీలకు చోటు కావాల్సి వచ్చింది. పారాలింపిక్స్‌లో మాత్రం స్త్రీ పురుషులు కలిసి కాల్చే ప్రోన్ పోటీ ఇంకా ఉంది. మిగతావాళ్లకు అది మోకాళ్ల మీద, బోర్లా, నిలబడి కాల్చే త్రీ పొజిషన్స్‌లో మధ్య భాగంగా మిగిలింది. 2024 ఆగస్టు 1న పారిస్ క్రీడల్లో స్వప్నిల్ కుసాలే 451.4తో కాంస్యం గెలిచింది అందులోనే. ఆ క్రీడలకు భారత బృందం సారథి గగన్ నారంగే. ఒలింపిక్స్ త్రీ పొజిషన్స్ పోటీలో భారత్‌కు అంతకుముందు ఎప్పుడూ పతకం రాలేదు.

ప్రోన్ తీసేయడం నాకు ఇప్పటికీ బాధే. టీవీలో చూడటానికి ఏమీ కదలదు, నిజమే. కదిలేదంతా గాలిలోనే ఉంది. దాన్ని చూపించడం ఎవరికీ చేతకాలేదు.

ఎవరి తప్పు ఇది?

జెండాలు, గడియారం, టిక్కులు అన్నీ నేర్చుకున్నా ఒకటి లేకపోతే ఏదీ పనికిరాదు. తూటా పేలిన మరుక్షణం, పడిన చోటు చూపే తెర వంక చూడకముందు, ‘ఇది ఎక్కడ పడింది’ అని తనకు తాను చెప్పుకోవాలి. షూటర్లు దీన్ని షాట్ కాల్ చేయడం అంటారు. పేలిన క్షణంలో గురి ఎక్కడ ఉందో, వేలు ఎలా కదిలిందో తెలిసింది ఒక్కరికే. ‘కుడివైపు 9.8’ అని చెప్పుకున్నాక తెర మీద కుడివైపు 9.8 కనిపిస్తే అది చేతి తప్పు. సైటు ముట్టుకోకూడదు. ‘నడుమ పది’ అని చెప్పుకున్నాక కుడివైపు 9.8 కనిపిస్తే అది గాలి. అప్పుడు సైటు తిప్పాలి.

ఇక్కడ అబద్ధం ఆడితే ఏమవుతుందో చూడండి. చేతి తప్పును గాలి మీద వేసి సైటు ఎడమకు నాలుగు టిక్కులు తిప్పాననుకుందాం. తర్వాతి తూటాను సరిగ్గానే కాలుస్తాను. అది ఎడమకు పోతుంది. ‘గాలి తిరిగింది’ అనుకుని మళ్లీ తిప్పుతాను. వీస్తున్నది ఒకే గాలి, నా సైటు మాత్రం పిచ్చిపట్టినట్టు తిరుగుతూ ఉంటుంది. దీనికి తిరగబడ్డ రోగం కూడా ఉంది. మంచి పిల్లలకు అది ఎక్కువ. నిజంగా గాలి జరిపినదాన్ని కూడా తన తప్పే అనుకుని, కండరాలు బిగించి, ఊపిరి బిగించి, ఉన్న కుదురు కూడా పోగొట్టుకుంటారు. నేరం ఒప్పుకోవడమే నిజాయితీ అనుకుంటాం. చేయని నేరం ఒప్పుకోవడం కూడా అబద్ధమే.

కాణిపాకం పక్కన పారే ఏటికి బాహుదా అని పేరు. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములు స్వామి దర్శనానికి వస్తుంటే, తమ్ముడు ఆకలికి ఆగలేక పరాయి తోటలో మామిడికాయ కోశాడట. సంగతి రాజు దాకా పోయింది. కోసిన చేతులు రెండూ తెగ్గొట్టించాడు. ఈ ఏట్లో మునిగి లేచేసరికి బాహువులు తిరిగి వచ్చాయని, అందుకే బాహుదా అన్నారని మా ఊళ్లో చెప్తారు. చిన్నప్పుడు ఈ కథ విని భయపడేవాణ్ని. ఫైరింగ్ రోజు తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా నా చూపుడువేలు వంకే చూసుకుంటాను.

ఆ రోజు ఉస్తాద్ నన్ను పంపేయలేదు. ఇంకో ఐదు తూటాలు ఇప్పించాడు. ఈసారి ఒక షరతు పెట్టాడు. పేలగానే తల ఎత్తకుండా ఎక్కడ పడిందో చెప్పాలి. పక్కన కూర్చుని, నేను చెప్పిన చోట ఖాళీ టార్గెట్ కాగితం మీద పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. మొదటిది ‘నడుమ’ అన్నాను. రెండోది ‘కాస్త పైన’. మూడోది పేలగానే నోట్లోంచి దానంతటదే వచ్చింది, ‘ఎడమ, కింద. వేలు లాగాను ఉస్తాద్’. ఆయన ఏమీ అనలేదు. పెన్సిల్ గీసిన చప్పుడు వినిపించింది.

కాల్చిన కాగితం తెచ్చి రెండూ కలిపి ఎండకు ఎత్తి చూపించాడు. మిగతా నాలుగు గుర్తులూ రంధ్రాలకు అటూ ఇటూగా ఉన్నాయి. మూడో గుర్తు దగ్గర, రెండు గీతలు కలిసిన చోటు నుంచి వెలుతురు వస్తోంది. ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ మా ఇంట్లో అవ్వ ట్రంకుపెట్టెలో ఉన్నాయి.